రొదను శుభ్రంగా వినడం ఎలా: ఇంట్లోని పంక్, నాయిజ్ రాక్ రికార్డుల కోసం

సోనిక్ యూత్ అనే నాయిజ్ రాక్ బృందం 1988లో విడుదల చేసిన 'డేడ్రీమ్ నేషన్' జంట రికార్డును నేను దాదాపు ఏడాది పాటు అరిగిన ముల్లుతో విన్నాను. గిటార్లు గరగరలాడితే అది ఆ బృందం పద్ధతే అనుకున్నాను. సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు కర్రతో కొట్టే లోహపు పళ్ళేలు) మోత రేకు మీద ఇసుక జారినట్టు వినిపిస్తే అదీ వాళ్ళు కావాలని పెట్టిందే అనుకున్నాను. ఒకనాడు మిత్రుడి ఇంట్లో అదే రికార్డు మరో ప్రతి మంచి ముల్లు కింద తిరుగుతుంటే, నా చెవికి ఒకే ముద్దగా అలవాటైన ఆ హోరులోంచి రెండు గిటార్లు విడివిడిగా, దేని శ్రుతి దానిదిగా బయటికి వచ్చాయి. ఇంటికి వచ్చి కొత్త ముల్లు తొడిగి నా ప్రతిని వేశాను. గరగర సగం తగ్గింది, మిగతా సగం తగ్గలేదు, ఎందుకంటే అరిగిన ముల్లు అప్పటికే రికార్డు మీద పాటను చెక్కిన గాడి గోడలను గీరేసింది.

ఈ సంగీతాన్ని ప్లేట్ల మీద వినేవారికి ఎదురయ్యే చిక్కు ఇదే. రికార్డు మీద ఘంటసాల గొంతు చీలిపోతే యంత్రంలో ఏదో తప్పుందని ఎవరికైనా క్షణంలో తెలుస్తుంది. పంక్‌లోనూ నాయిజ్ రాక్‌లోనూ చీలిక, హోరు, కీచు అన్నీ సంగీతంలో భాగాలే కనుక, మన ఇంటి లోపాలు వాటి చాటున దాక్కుంటాయి. కింద వివరించిన పనులన్నీ బృందం పెట్టిన రొదను చెక్కుచెదరకుండా ఉంచి, మన ముల్లు, మన కరెంటు, మన బల్ల, మన దుమ్ము దానికి కలిపే రొదను ఒక్కొక్కటిగా తీసివేయడానికే. వాటిని ఈ వరుసలోనే చేయండి, ఎందుకంటే ముందరి పని సరిగ్గా లేనప్పుడు తరువాతి పని ఫలితం చెవికి తెలియదు.

మొదట ముల్లు

డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందుగా ఖర్చు పెట్టవలసిన చోటు ముల్లు. స్పీకర్లలోనో ఆంప్లిఫయరులోనో లోపముంటే ఆ పూట వినికిడి తగ్గుతుంది, అంతే. ముల్లులో లోపముంటే అది రికార్డు మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లలో చాలావాటి సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లును పట్టి ఉంచి, దాని అదురును కరెంటు సంకేతంగా మార్చే చిన్న భాగం) గాడి మీద ఐదారు గ్రాముల బరువు మోపుతుంది, దాన్ని తగ్గించుకునే ఏర్పాటు కూడా వాటిలో ఉండదు. మీరు ఇష్టపడి తెచ్చుకున్న రికార్డులను వాటి మీద వేయవద్దు. బరువును మార్చుకునే వీలున్న టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జిని మోసే చేయి), ముల్లును విడిగా మార్చుకునే వీలున్న కార్ట్రిడ్జి ఉంటే చాలు. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జికి తయారీదారు సూచించే బరువు 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు. ఈ రెండింటిలో ఏది తీసుకున్నా, ముల్లు అరిగినప్పుడు పాతదాన్ని లాగి కొత్తది తొడగడం ఇంట్లోనే చేసుకోగల పని.

బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందని నమ్మి ఒక గ్రాముకు దించేవారు చాలామంది ఉన్నారు. జరిగేది దీనికి విరుద్ధం. ఇలాంటి రికార్డుల్లో గాడి చాలా వేగంగా, చాలా పదునుగా మలుపులు తిరుగుతుంది కనుక, తేలికైన ముల్లు గోడలను ఆనుకోలేక ఎగిరెగిరి పడుతుంది, పడిన ప్రతిసారీ గోడకు దెబ్బ తగులుతుంది. నగల కొట్టు తూకం లాంటి చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కుని, తయారీదారు 2 గ్రాములని చెప్పినచోట 2 గ్రాములే పెట్టండి.

తరువాత అసలైన పరీక్ష చేయండి. గిటారును పక్కన పెట్టి, గాయకుడి గొంతునూ సింబల్స్‌నూ వినండి. గిటారు ఆంప్లిఫయరు తనలోకి వచ్చిన గిటారునే చెదరగొడుతుంది, పక్కనున్న సింబల్‌నూ గొంతునూ అది తాకలేదు. ముల్లు మాత్రం తన దారిలో ఉన్న అన్నిటినీ ఒకే తీరున చెదరగొడుతుంది. గొంతు పలికే 'స', 'ష' అక్షరాలు ఉమ్మి చిమ్మినట్టు చీలిపోతూ, సింబల్ మోత కొట్టిన ప్రతిసారీ ఇసుకలా రాలిపోతుంటే, అది ముల్లు అరిగినదానికో, బరువు తప్పినదానికో, ముల్లు మొనకు దుమ్ము పోగు చుట్టుకున్నదానికో గుర్తు. ఇంకా అనుమానం తీరకపోతే అదే పాటను ఫోనులో వేసి, అదే చోట సింబల్ ఎలా ఉందో పోల్చి చూడండి. గొంతును కూడా కావాలనే చెదరగొట్టిన పాటలు ఉన్నాయి కనుక ఈ పోలిక తప్పనిసరి.

ఎడమ, కుడి

తీగలు సరిగ్గా కలిశాయో లేదో తేల్చడానికి రామోన్స్ బృందం 1976లో తెచ్చిన తొలి రికార్డును మించినది లేదు. సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో పూర్తయిన ఆ రికార్డులో బాస్ గిటారును ఎడమ స్పీకరుకూ, గిటారును కుడి స్పీకరుకూ పంపి, డ్రమ్స్‌నూ గొంతునూ మధ్యలో ఉంచారు. ఆంప్లిఫయరు మీద బ్యాలెన్సు మీటను పూర్తిగా కుడికి తిప్పండి: చేతిని ఎప్పుడూ పైనుంచి కిందికే కొడుతూ జానీ రామోన్ వాయించే గిటారు, ఆపకుండా తిరిగే రంపంలా వినిపించాలి. ఎడమకు తిప్పితే డీడీ రామోన్ బాసు వినిపించాలి. ఇది తారుమారైతే ఎరుపు, తెలుపు తీగలు ఎక్కడో మారాయని అర్థం. ఎరుపు కుడి వైపుది. గిటారు రెండు వైపులా సమానంగా వినిపిస్తే యంత్రంలో ఎక్కడో రెండు వైపులనూ కలిపేసే మోనో మీట నొక్కి ఉందన్నమాట.

వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం 1968లో తెచ్చిన 'వైట్ లైట్/వైట్ హీట్' స్టీరియో ప్రతి మీ దగ్గర ఉంటే, అందులోని 'ది గిఫ్ట్' ఇదే పరీక్షకు మరింత స్పష్టంగా పనికివస్తుంది. ఎడమ వైపు బృంద సభ్యుడు జాన్ కేల్ ఒక కథను నింపాదిగా చదువుతుంటాడు, కుడి వైపు బృందం తన మానాన తాను వాయిస్తుంటుంది. కథ ఒక్కటే కావాలంటే ఒకసారి, వాద్యం ఒక్కటే కావాలంటే మరోసారి వినవచ్చు.

యంత్రాన్ని ఎక్కడ ఉంచాలి

మన ఇళ్ళలో గోడలోకి కట్టిన అలమరలకు కడప బండ అరలు ఉంటాయి. టర్న్‌టేబుల్‌కు అంతకన్నా మంచి పీట దొరకదు. బండ బరువుగా ఉంటుంది, గోడలోకి దిగి ఉంటుంది, నడిచినా తలుపు వేసినా ఊగదు. అలాంటి అర లేనివారు రాళ్ళు కోసే చోట యంత్రానికి సరిపడా కడప బండ ముక్క ఒకటి కోయించుకుని, కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు పెట్టి, ఉన్న బల్ల మీదే వేసుకోవచ్చు. దాని మీద మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి రెండు దిశల్లోనూ చూసి, బుడగ మధ్యకు వచ్చేదాకా సరిచేయండి.

స్పీకర్లను మాత్రం ఆ బల్ల మీద పెట్టకండి. పెళ్ళిపందిట్లో మైకు పట్టుకున్నవారు స్పీకరు ముందుకు వస్తే అది కీచుమని అరవడం మనందరికీ తెలుసు. స్పీకరు శబ్దం మైకులోకి, మైకు శబ్దం మళ్ళీ స్పీకరులోకి తిరిగి తిరిగి పెరిగిపోవడమే దానికి కారణం, దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. స్పీకరు అదురు బల్ల ద్వారా ముల్లుకు చేరితే ఇక్కడా అదే జరుగుతుంది. జీసస్ అండ్ మేరీ చెయిన్ బృందం 1985లో 'సైకోకాండీ' రికార్డులో గిటార్లతో ఇదే పనిని కావాలని చేసింది, ఎంతో తీయని పాటల మీద ఆ కీచును పరచింది. ఆ రికార్డు వేసినప్పుడు మీ గదిలో కూడా అదే ప్రక్రియ నడుస్తుంటే రెండు ఫీడ్‌బ్యాక్‌లు కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది. గుర్తు పట్టే పద్ధతి ఒకటుంది: బృందం పెట్టినది పైస్థాయిలో సన్నగా కీచుమంటుంది, బల్ల వల్ల పుట్టేది సాధారణంగా అడుగున గుమ్మని ఊగుతూ ఉంటుంది, శబ్దం పెంచేకొద్దీ మిగతా అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి యంత్రాన్ని ఆపి, తిరగని రికార్డు మీద ముల్లును దించి, శబ్దాన్ని సున్నా నుంచి మీరు మామూలుగా వినే స్థాయికి నెమ్మదిగా పెంచండి. ఆపైన బల్లను వేలి కణుపుతో చాలా మెత్తగా తట్టండి. స్పీకరులో 'ధబ్' అని చిన్నగా వినిపించి ఆగిపోతే ఫరవాలేదు. ఆ 'ధబ్' సాగి గుమ్మనడం మొదలుపెడితే వెంటనే శబ్దాన్ని తగ్గించి, స్పీకర్లను దూరం జరపండి.

కరెంటు, తీగలు, వేగం

రికార్డును పూర్తి స్థాయిలో చెక్కితే అడుగు స్వరాలు గాడిని మరీ వెడల్పు చేస్తాయి కనుక, చెక్కేటప్పుడు వాటిని తగ్గించి, పై స్వరాలను పెంచుతారు. 1954 నుంచి పరిశ్రమలో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) పేరుతో ఒకే ప్రమాణం నడుస్తున్నది. వినేటప్పుడు ఫోనో ప్రీఆంప్ ఈ తారుమారును సరిచేసి, ముల్లు నుంచి వచ్చే అతి సన్నని సంకేతాన్ని పెంచుతుంది. ఈ ప్రీఆంప్ ఒక్కటే ఉండాలి. టర్న్‌టేబుల్ వెనక మీటను దాని లోపలి ప్రీఆంప్ పనిచేసే 'లైన్' దగ్గర ఉంచి, దాన్ని మరో ప్రీఆంప్ ఉన్న ఆంప్లిఫయరు 'ఫోనో' సాకెట్టుకు కలిపితే సంకేతం రెండుసార్లు పెరిగి ఘోరంగా చెదిరిపోతుంది. లలిత గీతాల రికార్డు వేసేవారు ఈ తప్పును వెంటనే పట్టుకుంటారు. బిగ్ బ్లాక్ బృందం 1986లో తెచ్చిన 'అటామైజర్' లాంటి రికార్డు వేసేవారికి ఇది నెలల తరబడి తెలియకపోవచ్చు. ఆ రికార్డులోని గిటార్లు రేకును కోసినట్టు మోగుతాయి, డ్రమ్ముల స్థానంలో ఒక రోలాండ్ యంత్రం దరువు వేస్తుంది. దాని మీద మరికొంత చెదరిపోత చేరితే అది యంత్రం తప్పని అనిపించనే అనిపించదు. కనుక తీగలు కలిపిన మొదటి రోజు మీకు బాగా తెలిసిన, మెత్తని పాట ఒకటి వేసి వినండి. సినిమా పాటైనా సరే, త్యాగరాజ కీర్తనైనా సరే.

హోరు విషయం. చాలా రికార్డుల్లో పాట మొదలవడానికి ముందు ఆంప్లిఫయర్ల బుసబుస వినిపిస్తుంది, దాన్ని బృందాలు కావాలనే కత్తిరించకుండా ఉంచుతాయి. ముల్లు గాడిలో దిగాక వచ్చే ఆ హోరు వాళ్ళది, ముల్లు ఇంకా గాలిలో ఉండగానే వినిపించే గుయ్‌మనే శబ్దం మన కరెంటుది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ తీగను ఆంప్లిఫయరు వెనక ఉన్న మరకు బిగించండి, యంత్రాన్ని సరైన ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులో పెట్టండి, చార్జర్లనూ ట్రాన్స్‌ఫార్మర్లనూ కార్ట్రిడ్జికి దూరంగా ఉంచండి.

అమెరికా నుంచి బంధువులు పంపిన టర్న్‌టేబుల్ వాడేవారు ఒక విషయాన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే చింత లేదు. నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించే పాత యంత్రమైతే, వోల్టేజి తగ్గించే పెట్టె కొన్నంత మాత్రాన సరిపోదు. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, ఇక్కడిది 50 సార్లు. ఆ ఊపును బట్టి తిరిగే మోటారు మన దగ్గర ఆరింట ఐదో వంతు వేగంతోనే తిరుగుతుంది కనుక 33⅓ చుట్ల రికార్డు నిమిషానికి 28 చుట్ల లోపే తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. ముందెన్నడూ వినని నాయిజ్ రాక్ రికార్డులో ఈ దిగుడును చెవి పట్టుకోలేదు, అది ఆ బృందం మందకొడితనమనే అనుకుంటుంది. స్ట్రోబ్ చుక్కల అట్టతో గానీ ఫోను యాప్‌తో గానీ వేగాన్ని కొలిచి చూడండి.

వేగానికి సంబంధించి మరొక మాట. పెద్ద ప్లేటంటే 33⅓, చిన్న ప్లేటంటే 45 అనే లెక్క ఇక్కడ నడవదు. పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే బృందం 1979లో తెచ్చిన 'మెటల్ బాక్స్' సినిమా రీలు డబ్బా లాంటి లోహపు డబ్బాలో మూడు పన్నెండు అంగుళాల ప్లేట్లుగా వచ్చింది, ఆ మూడూ 45 వేగానివే. ప్రతి కొత్త రికార్డుకూ ముందు లేబులు చదివి, ఆ తరువాతే మీట తిప్పండి.

గాడి చివరి భాగం

రికార్డు తిరిగే వేగం మారకపోయినా, ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. అంచు దగ్గర అది సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లుంటే, చివరి పాట దగ్గర 21 సెంటీమీటర్లకు దిగుతుంది. అదే సంగీతాన్ని సగం కన్నా తక్కువ పొడవులోకి కుక్కవలసి వస్తుంది కనుక అక్కడ మలుపులు మరీ ఇరుకవుతాయి. తెలివైన నిర్మాతలు సాధారణంగా నెమ్మదైన పాటను వైపు చివర పెడతారు. మనం వినే బృందాలు మాత్రం అత్యంత భీకరమైనదాన్ని సరిగ్గా అక్కడే పెట్టాయి. స్టూజెస్ బృందం 1970లో లాస్ ఏంజెలెస్ స్టూడియోలో అందరూ ఒకేసారి వాయిస్తూ రికార్డు చేసిన 'ఫన్ హౌస్' రెండో వైపు చివర 'ఎల్.ఏ. బ్లూస్' ఉంది, అందులో లయ, స్వరం అన్నీ తెగిపోయి గిటారు, డ్రమ్స్, స్టీవ్ మకే శాక్సొఫోను, గాయకుడు ఇగ్గీ పాప్ అరుపు ఒకదాని మీద ఒకటి పడతాయి. 'వైట్ లైట్/వైట్ హీట్' రెండో వైపులో 17 నిమిషాలకు పైగా సాగే 'సిస్టర్ రే' కూడా అంతే, చివరి దాకా తగ్గదు.

అందువల్ల ఈ సేకరణకు కార్ట్రిడ్జి అమరిక చాలా ముఖ్యం. అమరిక గళ్ళు అచ్చువేసిన అట్టను మధ్య కడ్డీకి తొడిగి, అది చూపిన రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జి పక్కలు గీతలకు సమాంతరంగా వచ్చేదాకా మరలను వదులు చేసి జరుపుతూ ఉండండి. ఒక బిందువు దగ్గర సరిపోయి మరో దాని దగ్గర తప్పితే ఓపికగా మళ్ళీ మొదలుపెట్టండి. మొదటిసారి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ముగిశాక 'ఎల్.ఏ. బ్లూస్' వేసి, కళ్ళు మూసుకుని, శాక్సొఫోను ఒక్కదాన్నే చివరి దాకా వెంబడించడానికి ప్రయత్నించండి. అంత గందరగోళంలోనూ అది గిటారు నుంచి విడిగా, రెల్లు అదిరే జీరతో సహా వినిపిస్తే అమరిక కుదిరినట్టే. కొత్త ముల్లు కొనే స్తోమత ఉంటే, లోపలి గాడిని ఎలిప్టికల్ (దీర్ఘవృత్తాకారపు మొన) కన్నా మైక్రోలీనియర్ (మరింత సన్నని మొన) ముల్లు బాగా చదువుతుందని గుర్తుంచుకోండి. వీఎం95 కార్ట్రిడ్జికి దాన్నే నేరుగా తొడగవచ్చు.

కడగడం, దాచడం

రికార్డు వేసేటప్పుడు సీలింగ్ ఫ్యానును ఆపండి. అది పైనున్న దుమ్మునంతా సరిగ్గా ప్లేటు మీదికే తోస్తుంది. వేసే ముందు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్షును తిరుగుతున్న రికార్డు మీద రెండు మూడు చుట్లు మెల్లగా ఆనించి, అంచు వైపు జార్చి ఎత్తండి.

పాత ప్రతులకు తడి కడుగుడు తప్పదు. కుళాయి నీళ్ళు, అందులోనూ బోరు నీళ్ళు వాడకండి; ఎండాక గాడుల్లో తెల్లని ఉప్పు చార మిగులుతుంది, అది ముల్లు కింద చిటపటమంటుంది. సీలు వేసిన డిస్టిల్డ్ నీటిలో పాత్రలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దిశలోనే తుడవండి, లేబులు తడవనీయకండి, తరువాత ఉత్త డిస్టిల్డ్ నీటితో మరోసారి తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. తాతలనాటి 78 చుట్ల లక్క ప్లేట్లు ఇంట్లో ఉంటే వాటిని ఆల్కహాలు కలిసిన ద్రవంతో ముట్టకండి, లక్క కరుగుతుంది. ఈ ముల్లుతో వాటిని వాయించనూ వద్దు.

రికార్డులను పుస్తకాల్లా నిటారుగా, వాలకుండా పెట్టండి. మే నెలలో కారులో పది నిమిషాలు కూడా వదలకండి. తీరప్రాంతంలో ఉన్నవారికి వానకాలంలో అట్టలకు బూజు పడుతుంది, అరల్లో సిలికా జెల్ పొట్లాలు ఉంచి నెలకోసారి మార్చండి. పంక్ రికార్డుల లోపలి కవర్లు తరచుగా గరుకు కాగితంవే, వాటి మీదే పాటల సాహిత్యం, చేత్తో రాసిన మాటలు ఉంటాయి కనుక పారేయకండి. ప్లేటును పాలిథీన్ కవరులోకి మార్చి, కాగితాన్ని పక్కన అట్టలోనే ఉంచండి. 'మెటల్ బాక్స్' అసలు డబ్బా దొరికినవారు మూడు ప్లేట్లనూ దాన్నుంచి తీసి విడి కవర్లలో పెట్టుకోవడం మంచిది, అంత బిగుతుగా ఉన్న డబ్బాలోంచి తీసిన ప్రతిసారీ గీత పడే ప్రమాదముంది.

ప్రతుల గురించి క్లుప్తంగా చెప్తాను. ప్లేటు 180 గ్రాముల బరువుండటం మంచి వినికిడికి హామీ కాదు, తొలి ముద్రణ కోసం పెద్ద మొత్తం పోయనక్కర లేదు. స్టూజెస్ 1973 నాటి 'రా పవర్' విషయంలో మాత్రం కొనే ముందు ప్రతిని తెలుసుకోండి: మొదట వచ్చినది గాయకుడు డేవిడ్ బోవీ కూర్పు (గొంతు, వాద్యాల పాళ్ళు కలిపిన తీరు), 1997లో వచ్చినది ఇగ్గీ పాప్ తిరిగి చేసిన కూర్పు. రెండోదాన్ని అతడు కావాలనే పగిలిపోయేంత గట్టిగా చేశాడు. అది విని మీ ముల్లును అనుమానించకండి.

వినే పద్ధతి

యంత్రం తన వంతు చేశాక మిగిలేది చెవి. మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగుతుంది. డోలు, నాదస్వరం, తాళం ఒక్కసారిగా విరుచుకుపడే ఆ హోరును మనలో ఎవరూ గోల అనరు, ఎందుకంటే అది ఎందుకు మోగుతున్నదో, దానిలో ఎవరేం వాయిస్తున్నారో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ రికార్డులకు కావలసినదీ అలాంటి పరిచయమే. 'ఫన్ హౌస్' మొదటిసారి విన్నప్పుడు నాకు దారి చూపినది గట్టిమేళమే: డోలును పట్టుకుంటే మిగతాది నిలుస్తుంది కదా అని డ్రమ్స్‌ను పట్టుకున్నాను, శాక్సొఫోను నాదస్వరంలా దాని మీద ఎక్కడ నిలుచున్నదో వెంటనే దొరికింది.

కనుక ఒక రికార్డు వైపును మూడు రోజుల్లో మూడుసార్లు వినండి. మొదటిసారి డ్రమ్స్‌ను మాత్రమే, రెండోసారి బాసును మాత్రమే వెంబడించండి, మూడోసారి గిటార్లకు చెవిని వదిలేయండి. అడుగున బాసు ఎక్కడ నడుస్తున్నదో తెలిసిన చెవికి పైన ఎంత హోరున్నా దారి తప్పదు. రామోన్స్ తొలి రికార్డు దీనికి మంచి ప్రారంభం, 14 పాటలూ కలిపి అర గంట లోపే ముగుస్తాయి. తరువాత వైర్ బృందం 1977లో తెచ్చిన 'పింక్ ఫ్లాగ్' వినండి: 21 పాటలు, వాటిలో కొన్ని నిమిషం కూడా ఉండవు. పాట ఎక్కడ ముగిసిందో చూద్దామని చూపు తిప్పేలోగా మరోటి మొదలవుతుంది కనుక, పక్కన మరో పని పెట్టుకుని వినేవారికి అది అందదు.

హస్కర్ డూ బృందం 1984 నాటి 'జెన్ ఆర్కేడ్' దగ్గరికి వచ్చినప్పుడు బాసు మీటను పెంచాలనే కోరికను ఆపుకోండి. దాదాపు అన్నీ మొదటి టేకులే అయిన ఆ జంట రికార్డులో గిటారు సన్నగా, పదునుగా, తేనెటీగల తుట్టె కదిలినట్టు వినిపిస్తుంది, అడుగు పలచగా ఉంటుంది. అది ఆ రికార్డు స్వభావం. టోన్ మీటలతో దాన్ని లావు చేయబోతే నాలుగో వైపును దాదాపుగా నింపే పొడవైన వాద్య భాగంలో గిటార్లు ఒకదాని నుంచి ఒకటి విడిపోయే తీరు మాసిపోతుంది.

'డేడ్రీమ్ నేషన్'ను చివరికి వినండి. సోనిక్ యూత్ గిటారిస్టులు థర్స్టన్ మూర్, లీ రానాల్డో తమ గిటార్లకు మామూలు శ్రుతి పెట్టేవారు కాదు. కొన్ని పాటలకు కొన్ని గిటార్లను ప్రత్యేకమైన శ్రుతులతో విడిగా ఉంచుకునేవారు. తంబురా వినడం అలవాటైన చెవికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. కదలకుండా మోగుతున్న ఒక తీగను ఆధారం చేసుకుని, మిగతా తీగలు దానికి దగ్గరగా వచ్చినప్పుడు పుట్టే ఊగులాటను వినండి. రెండు తీగలు కలవబోయి కలవక అలలు అలలుగా కొట్టుకునే ఆ చోట్లే నా పాత ప్రతిలో ఇప్పటికీ గరగరమంటాయి.

ఒక వైపు ముగిశాక రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టి, లేబులు చుట్టూ ఉన్న ఖాళీ భాగాన్ని చూడండి. చెక్కినవారు సూదితో రాసిన మాటలు అక్కడ ఉంటాయి. క్లాష్ బృందం 1979 నాటి 'లండన్ కాలింగ్' తొలి ముద్రణల్లో నాలుగు వైపులా ఒక్కో మాట చొప్పున, గోడలు కూల్చేయండి అనే అర్థమిచ్చే వాక్యం ఉంది. అదే రికార్డు నాలుగో వైపు చివరి పాట పేరు అసలు అట్ట మీద కనిపించదు, అట్టలు అచ్చయ్యాక ఆ పాటను చేర్చారు.

ఎంత గట్టిగా, ఎంతసేపు

ఈ సంగీతాన్ని చెవులు దిబ్బళ్ళు పడేలా వింటేనే విన్నట్టు అనే అభిప్రాయాన్ని నేను అంగీకరించను. పనిచేసేచోట ఆరోగ్య భద్రతను పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు వినవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 వద్ద ఒక గంట, 100 వద్ద పావుగంట మాత్రమే మిగులుతుంది. ఫోను యాప్‌తో కొలిచి, 80 చుట్టూ ఉంచండి. రొద నిండిన రికార్డుల్లో గట్టి చోట్లకూ మెత్తని చోట్లకూ అంతరం తక్కువ కనుక తక్కువ శబ్దంలోనూ వివరం పోదు. రాత్రి మరీ తగ్గించినప్పుడు మన చెవికి అడుగు స్వరాలు ముందుగా తగ్గిపోతాయి, అప్పుడు ఆంప్లిఫయరు మీది లౌడ్‌నెస్ మీటను నొక్కడంలో తప్పు లేదు. మన దేశంలో నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి ఉంది, అపార్టుమెంట్లలో ఉన్నవారు ఆ వేళల్లో హెడ్‌ఫోన్లు వాడండి.

చివరిగా, అంతులేని గాడుల గురించి. లూ రీడ్ 1975లో తెచ్చిన 'మెటల్ మెషిన్ మ్యూజిక్' అనే జంట రికార్డులో పాట లేదు, గొంతు లేదు, నాలుగు వైపులా గిటారు ఫీడ్‌బ్యాక్ మాత్రమే ఉంది. దాని నాలుగో వైపు చివరి చుట్టు తన మీదికి తానే ముడిపడి ఉంటుంది. సోనిక్ యూత్ 1986లో తెచ్చిన 'ఈవోల్' రికార్డు చివరి పాట కూడా అలాగే ముడిపడుతుంది, పాట నిడివి రాయవలసిన చోట అనంతం గుర్తు ఉంటుంది. చేయి దానంతటదే వెనక్కి తిరిగే ఏర్పాటున్న యంత్రమైతే వీటికి దాన్ని ఆపి ఉంచండి, లేకపోతే చుట్టు వినిపించకముందే ముల్లు లేచిపోవచ్చు. ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది, అదే ముక్క మీరు ఆపేదాకా వస్తూనే ఉంటుంది. నేను సాధారణంగా ఇరవై, ముప్పై చుట్లు వింటాను. అప్పటికి ఆ ముక్కలో మొదట వినిపించని లయ ఒకటి వినిపించడం మొదలవుతుంది. నిద్రపోయే వేళ మాత్రం వీటిని వేయకండి, రాత్రంతా ముల్లు ఒకే గాడిని అరగదీస్తుంది. లేచి వెళ్ళి, మీటతో చేతిని ఎత్తి, ముల్లు మొనను చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకు ఒకసారి తుడిచి, మూత వేయండి.